పడుగు కొత్తది, పేక పాతది

మా వర్క్‌షాపులో ఆమెను బొగ్గులక్క అనేవారు. ఆ పేరు పెట్టిన ఘనుణ్ణి నేనే. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. ఎదురుగా అయితే అక్క, ఆఫీసర్లకు మేడమ్. ఇరవై రెండేళ్ళు ఆమె పక్కగదిలో కూర్చుని రికార్డులు రాశాను. నేను చేరిన మొదటి వారంలోనే పేరు సంగతి ఆమె చెవిన పడింది. నన్ను పిలిచి, చేసేది బొగ్గే కదా, తప్పేముందని టీ తెప్పించి ఇచ్చింది. ఆ తర్వాత నెల రోజులపాటు నేను రాసిన ప్రతి కాగితంలోనూ ఒక తప్పు పట్టుకుని తిప్పి పంపింది. ఆమె కోపం అలాంటిది. కేకలుండవు, వాత మాత్రం పడుతుంది.

ఆమె పని బట్టను బొగ్గు చేయడం. రాకెట్ వెనక మంట బయటికొచ్చే గొంతును నాజిల్ అంటారు. అక్కడి వేడికి ఏ లోహమూ నిలవదు కాబట్టి లోపల ఒక అస్తరు వేస్తారు. చెక్కగుజ్జు నుంచి తీసిన రేయాన్ దారంతో బట్ట నేసి, గాలి చొరబడని ఫర్నేసులో రోజుల తరబడి కాలుస్తారు. గాలి లేదు కాబట్టి అది బూడిద కాదు, నల్లబడి బట్టలాగే మిగులుతుంది. దాన్ని రెజిన్ అనే బంకలో ముంచి, ఏటవాలుగా పట్టీలు కోసి, అచ్చు మీద పొర మీద పొర చుట్టి, గట్టిపరిచి నాజిల్ లోపల బిగిస్తారు. మంట తగిలినప్పుడు ఆ అస్తరు పొరపొరగా కాలిపోతూ వెనక ఉన్నదాన్ని కాపాడుతుంది. ఇంతకు మించి నాకు తెలియదు. తెలిసిన ఆఫీసర్లు ఎన్నిసార్లు చెప్పినా నా బుర్రకెక్కలేదు.

బొగ్గులక్క పంతొమ్మిదో ఏట బట్టలు మడతపెట్టే పనికి చేరి, ఏడేళ్ళకు ఫర్నేసు దగ్గరికి వచ్చింది. పొట్టి మనిషి. కుడి ముంజేతి మీద వరసగా నాలుగు కాలిన మచ్చలు. ఫర్నేసును తొందరపెట్టే ఆఫీసరు ఎవరైనా వస్తే ఆ చెయ్యి చూపించేది. గంటకు ఇన్ని డిగ్రీలు అని కాగితం మీద ఉంటుంది, కానీ దిగిన బట్టను చెవి దగ్గర పెట్టుకుని రెండు వేళ్ళతో నలిపి, సరిగ్గా కాలిందో లేదో చప్పుడును బట్టి చెప్పేది. తర్వాత లాబొరేటరీ వాళ్ళు మూడు రోజులు కష్టపడి అదే మాట టైపు చేసి పంపేవారు.

ఆ రేయాన్ దారం మాకు ఒకే మిల్లు నుంచి వచ్చేది. అక్కడ దారం తీసే విభాగంలో పనిచేసినవాడే ఆమె భర్త. ఆమెను అక్క అన్నాక ఆయన నాకు బావే కదా, అలాగే పిలిచేవాణ్ణి. వాళ్ళ పెళ్ళి కథ మా దగ్గర అందరికీ కంఠతా వచ్చు. ఒకసారి మిల్లు పంపిన దారం బాగాలేదని మావాళ్ళు తిప్పి పంపుతూ, సంగతి చెప్పి రమ్మని ఆమెను తోడు పంపారు. ఆ దారం తీసినవాడు ఈయనే. నా దారంలో లోపం లేదు, మీ ఫర్నేసులోనే ఉందని ఆయన, కళ్ళు పెట్టుకుని చూడమని ఈమె, గేటు దగ్గర గంటసేపు పోట్లాడుకున్నారు. చివరికి ఆయన భూతద్దం తెచ్చి చూసి, లోపం ఒప్పుకుని, మర్నాడు మంచి దారం తనే మోసుకొచ్చాడు. ఆ పైన రోజూ ఏదో ఒక వంకతో రావడం మొదలుపెట్టాడు. తిప్పి పంపిన దారంతో కుదిరిన సంబంధం అదొక్కటే ఉంటుంది లోకంలో.

ఆ మిల్లు గురించి కూడా చెప్పాలి. చెక్కగుజ్జును కరిగించి జిగురు చేయడానికి అక్కడ ఒక ద్రవం వాడేవారు. దాని ఆవిరి కుళ్ళిన ముల్లంగి వాసన వేస్తుంది. కొన్నాళ్ళకు ఆ వాసన తెలియదు. తెలియకపోవడమే మొదటి జబ్బు. బావ పందొమ్మిదేళ్ళు ఆ ఆవిరిలో నిలబడ్డాడు. మొదట దీపాల చుట్టూ రంగుల వలయాలు కనబడుతున్నాయని నవ్వుతూ చెప్పేవాడు. తర్వాత పాదాలు మొద్దుబారాయి, తర్వాత వేళ్ళు. ఆ తర్వాత మనిషే మారిపోయాడు. పిల్లిలా తిరిగేవాడు కాస్తా పులిలా మీద పడేవాడు. పళ్ళెం విసిరేవాడు, అరగంటకి ఎందుకు విసిరానో గుర్తులేదని ఏడ్చేవాడు. పిల్లలు కలగలేదు. దానికీ ఆ ఆవిరే కారణం కావచ్చని డాక్టరు ఒకసారి గోడ వైపు చూస్తూ అన్నాడట. ఆయన పని మానేసిన రెండేళ్ళకి, ఇలాంటివాళ్ళు లెక్కకు మించి తేలేసరికి, మిల్లు మూసేశారు. యంత్రాలు అక్కడే తుప్పు పట్టాయి. కాగితాలు చెదలు తిన్నాయి.

మిల్లు పోయాక మా స్టోర్లో ఉన్న దారమే దిక్కయింది. అప్పటినుంచి పాత దారానికి లేని గొప్పలన్నీ వచ్చాయి. చచ్చినవాడి కళ్ళు చారెడు అని ఊరికే అనలేదు. తిట్టుకుంటూ వాడిన దారాన్ని ఇప్పుడు బంగారం అనడం మొదలుపెట్టారు. కొత్త నాజిల్ చేసినప్పుడల్లా స్టోరు కాస్త ఖాళీ అయ్యేది. దానికి బదులు దారం వెతికే పని బొగ్గులక్కకు అప్పగించారు. ఆ పని ఆరేళ్ళు సాగింది.

ఆమె ఎంచుకున్న కొత్త దారమూ చెక్కగుజ్జుదే. కానీ కరిగించే పద్ధతి వేరు. ఆ విషపు ఆవిరి ఉండదు, వాడిన ద్రవాన్ని మళ్ళీ పట్టి వాడుకుంటారు. ఆ ఫ్యాక్టరీ చూడ్డానికి వెళ్ళినప్పుడు నేనూ వెంట వెళ్ళాను. దారం తీసే హాల్లో ఆమె ఒక మూల నిలబడి గట్టిగా ఊపిరి పీల్చింది. మళ్ళీ పీల్చింది. తడి గుడ్డ వాసన తప్ప ఏమీ లేదు. అక్కడ పనిచేసే ఒకామెను ఎన్నేళ్ళుగా చేస్తున్నావని అడిగి, ఆమె అరచేయి పట్టుకుని, వేలి కొసలు ఒక్కొక్కటే నొక్కి, తెలుస్తోందా అని అడిగింది. ఆమె ఈవిడకేదో తిక్క అనుకుని ఉంటుంది. తిరుగు ప్రయాణంలో అక్క ఒక్క మాటే అంది, ఈ దారం నిలబడాలని.

నిలబడకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. పైనుంచి రాతపూర్వకంగానే వచ్చింది. నాలుగు పరీక్షల లోపల కొత్త దారం నెగ్గకపోతే పాత మిల్లులో ఒక వరస యంత్రాలు బాగుచేసి మళ్ళీ నడుపుతారు. అంటే మళ్ళీ ఆ ఆవిరి. మళ్ళీ కొంతమంది ఆ తొట్ల ముందు నిలబడతారు.

మొదటి పరీక్షలో అస్తరు పొరలు లేచాయి. రెండోదాంట్లో గుంటలు పడ్డాయి. మూడోదాంట్లో ఇరవయ్యో సెకనులో నాజిల్‌కి పక్కన చిల్లు పడి, మంట అడ్డంగా వచ్చి పరీక్ష స్టాండు కాలొకటి మైనంలా కరిగిపోయింది. మేం దూరంగా గోడ వెనకాల ఉన్నాం కాబట్టి బతికాం. ఆ రోజు ఆమె కరిగిన ఆ కాలు దగ్గర చాలాసేపు నిలబడింది. మూడుసార్లూ మా పెద్దసారు ఆమెను ఏమీ అనలేదు. అనకుండా చూసే చూపు ఒకటుంటుంది, అదే చూశాడు.

ప్రతిసారీ ఆమె ఏదో ఒకటి మార్చింది. ఫర్నేసు వేడి పెంచే వేగం మార్చింది, రెజిన్ మార్చమని పోరింది, దారం పురి మార్పించింది. నాలుగో పరీక్షకి బట్ట నేయించి, తొమ్మిది రోజులు ఫర్నేసు దగ్గరే భోజనం, అక్కడే కునుకు. పరీక్ష రోజున మంట నిండా అరవై సెకన్లు మండి ఆరింది. నాజిల్‌ని నిలువునా కోసి చూస్తే, అస్తరు గీత గీసినట్టు సమంగా కాలి ఉంది. ఒక్క పొర లేవలేదు. పెద్దసారు అందరికీ బిస్కెట్లు తెప్పించాడు. ఆయన్ని ఎరిగినవాళ్ళకు అది రాజ్యం రాసిచ్చినంత పని. బొగ్గులక్క ఒక మూల స్టూలు మీద కూర్చుని, బిస్కెట్టు చేత్తో పట్టుకుని, తినడం మర్చిపోయింది. నేను ఆమె మొహంలో అంత వెలుగు ఎప్పుడూ చూడలేదు.

నాలుగు రోజుల తర్వాత, మధ్యాహ్నం, నేను తుది రిపోర్టు రాస్తుంటే ఆమె వచ్చి తలుపు దగ్గరగా వేసింది. నా బల్ల మీద తెల్లకాగితం పరిచి, రెండు నల్లటి పోగులు పక్కపక్కనే పెట్టి, భూతద్దం నా ముందుకు జరిపింది. చూడమంది. చూశాను. ఒక పోగు నున్నగా, గుండ్రంగా ఉంది. రెండోదాని అంచులు నొక్కులు నొక్కులుగా ఉన్నాయి. మా దగ్గర పదేళ్ళు పనిచేసిన ఎవడికైనా ఆ నొక్కులు తెలుసు. అది పాత మిల్లు దారం.

ఫర్నేసు నుంచి దిగిన ప్రతి రోలు నుంచి జానెడు ముక్క కోసి నంబరు వేసి బీరువాలో దాస్తాం. దాన్ని సాక్షి ముక్క అంటాం. ఏదైనా తేడా వస్తే తప్ప దాన్ని ఎవరూ బయటికి తీయరు. ఆమె తేడా కోసం తీయలేదు. నెగ్గిన తన దారాన్ని ఇంకోసారి కళ్ళారా చూసుకుందామని తీసింది. నిలువు పోగు లాగితే కొత్త దారం వచ్చింది. అడ్డపోగు లాగితే పాత దారం వచ్చింది. పడుగంతా కొత్తది, పేకంతా పాతది. నెగ్గిన బట్టలో సగం బావ తీసిన దారమే.

ఎలా జరిగిందో తెలుసుకోవడానికి నేరుగా మగ్గం షెడ్డుకే వెళ్ళాం. మా నేత పనివాణ్ణి అందరూ మగ్గం తాత అంటారు. ఆయన ఏమీ దాచలేదు, ఎందుకంటే దాచాల్సింది ఉందని ఆయనకి తెలియదు. పురి మార్చాక కొత్త దారం పేకగా పోస్తే నూగు లేచి మూడు బారలకోసారి తెగుతోందట. సరిగ్గా అప్పుడే స్టోరు నుంచి తెగిన పాత దారం చుట్టిన కండెలు రెండు పెట్టెలు వచ్చాయట, పాత దారంలో ఒక్క పోగు కూడా వృథా కాకూడదన్న నోటీసుతో సహా. నేతలో మిగిలిన కండెల్ని తర్వాతి బట్ట పేకలో కలిపేయడం ఆయన తాతల కాలం నుంచీ ఉన్న పద్ధతి. పోగు పారేసినవాడికి పూట గడవదని ఆయన మాట. పెట్టెలు రెండూ ఆ రోలుకే సరిగ్గా సరిపోయాయని సంతోషంగా చెప్పాడు.

మరి తనిఖీ చేసినవాళ్ళు ఏం చేశారు? తనిఖీ కాగితం రాసింది నేను. పడుగు నుంచి ఒక పోగు తీసి చూసి, దారం ఏదో రాసేవాణ్ణి. పేక అన్న గడిలో, ఇరవై ఏళ్ళకు పైగా, చూడకుండానే 'పైదే' అని రాస్తూ వచ్చాను. పడుగు ఒకటైతే పేక ఇంకొకటి ఎందుకవుతుందని మా అందరి ధీమా.

గదికి తిరిగి వచ్చాక నేను ఆమెకు చెప్పిన మాటలు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఈ రెండు పోగులు ఇక్కడే చించి పారేద్దాం అన్నాను. పేక గడిలో 'పైదే' అనే ఉంది, అలాగే ఉండనిద్దాం అన్నాను. నా ఉద్యోగం, తాత ఉద్యోగం ముందు గుర్తొచ్చాయి, అబద్ధం ఆడను. కానీ అవి పైకి అనలేదు. ఆమెకు ఎక్కడ తగులుతుందో అక్కడే కొట్టాను.

"అక్కా, నువ్వు నోరు విప్పితే ఆ మిల్లు తెరుస్తారు. బావలాంటి వాళ్ళు ఇంకా ఎంతమంది తయారవుతారో నీకు తెలీదా?"

 ఆమె కాగితం అంచుతో ఆ రెండు పోగుల్నీ ఒక దగ్గరికి జరిపింది.

"తెలుసు తమ్ముడూ. రెండు రోజులుగా అదే తింటున్నా, అదే తాగుతున్నా. కానీ రేపు ఈ రిపోర్టు నమ్మి నాజిలంతా కొత్త దారంతో చేస్తారు. మూడోసారి చూశాం కదా ఏమైందో. అప్పుడు గోడ వెనకాల ఎవరుంటారో, ముందర ఎవరుంటారో నాకేం తెలుసు?"

ఆ సాయంత్రమే పెద్దసారు గదికి వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను, ధైర్యం ఉండి కాదు, తనిఖీ కాగితం నాది కాబట్టి. ఆయన మొదట నమ్మలేదు. నమ్మాక, మగ్గం తాతను ఆ క్షణమే తీసేయాలని లేచాడు. అక్క మగ్గం షెడ్డు గోడ నుంచి ఊడదీసి తెచ్చిన నోటీసును ఆయన బల్ల మీద పెట్టింది. ఒక్క పోగు కూడా వృథా కాకూడదు. కింద ఆయన సంతకమే. ఉన్న మాటంటే ఉలుకెక్కువ, కానీ ఈసారి ఆయన ఉలకలేదు. కుర్చీలో కూర్చున్నాడు. అప్పుడామె ఇంకొక్క అవకాశం అడిగింది. పడుగూ పేకా రెండూ కొత్త దారంతోనే నేసి ఐదో పరీక్ష పెట్టమంది. నిజం చెప్పినందుకు ఆ మాత్రం ఇచ్చాడు.

పోగు తెగినప్పుడల్లా అతికిస్తూ, ప్రతి బారా ఆమె కళ్ళ ముందే నేయించింది. ఈసారి పేక గడి నేను చూసి నింపాను. ముప్పై ఒకటో సెకనులో పొరలు లేచాయి. నాజిల్ కోసి చూడాల్సిన అవసరం కూడా లేకపోయింది.

కొత్త దారం పని నిలిపేశారు. రెండు వారాలకి పాత మిల్లు తెరిచే ఉత్తరువు వచ్చింది. ఆ కాపీ ఫైల్లో పెట్టింది నేనే.

ఆ ఆదివారం నేను వాళ్ళింటికి వెళ్ళాను. ఆదివారాలు బావకు పేపరు చదివి వినిపించడం నా అలవాటు. పేజీ తిప్పడానికి ఆయన వేళ్ళు సాయపడవు. ఒకసారి మూడు పేజీలు చింపి, పేపరువాణ్ణి తిట్టాడు. కిటికీ పక్కన చెక్క కుర్చీ, దాని చేతుల మీద రంగు పోయి రెండు అరచేతుల ఆకారాలు. పదేళ్ళుగా ఆయన లోకం అదే. ఆ రోజు అక్క కూరగాయలు తరుగుతూ, మేం ఐదో పరీక్ష సంగతి మాట్లాడుకుంటుంటే, ఉన్నట్టుండి ఆయనతో అంది:

"నాలుగోసారి నిలిచింది నీ దారమే. అందులో నీ దారం లేకపోతే అది కూడా పోయేది."

ఆయనకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. మళ్ళీ చెప్పించుకున్నాడు. తర్వాత నవ్వాడు. ఆ మనిషి నవ్వగా నేను ఎన్నేళ్ళకి చూశానో చెప్పలేను. మా దారమేనన్నమాట, మా దారమేనన్నమాట అని మూడుసార్లు అన్నాడు. అక్క కత్తిపీట పక్కకు పెట్టి ఆయన్నే చూస్తూ కూర్చుంది. ఆమె కూడా నవ్వింది. ఓడిపోయిన మనిషికి ఆ ఒక్క పూటైనా ఇంట్లో ఒకడు గెలిచాడన్న సంతోషం. నేను ఆ పూట కడుపు నిండా భోజనం చేసి ఇంటికి వెళ్ళాను.

తర్వాతి ఆదివారం అక్క బజారుకి వెళ్ళిన సమయం చూసి బావ నన్ను దగ్గరికి పిలిచాడు. ఒక ఉత్తరం రాసిపెట్టు బావమరిదీ, మీ అక్కకి చెప్పకు అన్నాడు. మిల్లు మేనేజరుకి. జిగురు ఎంతసేపు మాగాలో, తొట్టిలో దారాన్ని ఎంత సాగదీస్తే ఆ నొక్కులు వస్తాయో ఏ కాగితం మీదా లేదు, చేత్తో చేసినవాళ్ళలో తను తప్ప ఎవరూ మిగల్లేదు, పిలిస్తే వస్తాను. ఇంతే ఉత్తరం. నేను వద్దన్నాను. ఆయన బతిమాలాడు. పళ్ళేలు విసిరే మనిషి బతిమాలితే తట్టుకోవడం కష్టం. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని తెలిసినవాణ్ణే. అయినా రాశాను. ఎలాగూ మిల్లువాళ్ళు పట్టించుకోరని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

తొమ్మిదో రోజుకి వాళ్ళింటి ముందు మిల్లు జీపు ఆగింది.

అక్క ఆ రోజు వర్క్‌షాపుకి రాలేదు. మర్నాడు వచ్చి, వాళ్ళకి ఆయన పేరు ఎవరు చెప్పి ఉంటారని నన్నే అడిగింది. దొంగకు తేలు కుట్టినట్టు నేను తల వంచుకుని ఫైళ్ళు సర్దాను. ఆమె పెద్దసారు దగ్గరికెళ్ళి, బావను తీసుకెళ్ళొద్దని మిల్లువాళ్ళకి చెప్పమని వేడుకుంది. ముప్పై నాలుగేళ్ళలో తన కోసం ఏదైనా అడగడం అదే మొదలు. ఆయన ఇష్టపడి వస్తున్నాడు కదా మేడమ్, మేమెలా వద్దంటాం అన్నాడు పెద్దసారు. ఇంట్లో పోట్లాడింది, ఏడ్చింది, ఆయన చెప్పులు దాచింది. ఆయన చెప్పుల్లేకుండానే జీపెక్కాడు. వెళ్ళే ముందు ఆమెతో అన్న మాట ఆమే నాకు చెప్పింది.

"పదేళ్ళు ఈ కుర్చీలో శవంలా కూర్చున్నా. నన్ను ఒక్కసారి పనిమంతుణ్ణి అనిపించుకోనీ. ఇంకేం అడగను."

వాళ్ళు ఆయన కోసం తొట్ల పక్కనే ఒక కుర్చీ వేశారట. ఊపిరికి గుడ్డ ఇచ్చారట; అది కట్టుకుంటే జిగురు వాసన తెలియదని ఆయన కట్టుకోలేదట. జిగురు మాగిందో లేదో వేలితో తీగ సాగదీసి చూడాలి. ఆయన వేళ్ళకి స్పర్శ లేదు కాబట్టి కొత్తవాళ్ళ చేత తీయించి, కంటితో చూసి చెప్పేవాడట. ఆ కొత్తవాళ్ళలో ఎక్కువమంది మా చుట్టుపక్కల వీధులవాళ్ళే. ఉద్యోగాల కోసం గేటు ముందు పెద్ద వరస కట్టారు. నా తోడబుట్టినవాడి కొడుకు కూడా ఆ వరసలో ఉన్నాడని నాకు ఆలస్యంగా తెలిసింది. వాడికి ఉద్యోగం వచ్చినందుకు మా వదిన నాకు ఫోను చేసి మరీ చెప్పింది. నేను సంతోషమన్నాను. ఇంకేమనను?

బావ నెల నెలకీ కుర్చీ పెద్దదవుతున్నట్టు చిక్కిపోయాడు. కానీ ఇంట్లో పళ్ళెం విసరడం మానేశాడని అక్క చెప్పేది. ఎవరి పిచ్చి వారికానందం అని పైకి అనేది, కళ్ళు మాత్రం వేరే చెప్పేవి. ఎనిమిదో నెలలో మొదటి దారం వచ్చింది. అక్క ఒక పోగు తీసి భూతద్దం కింద పెట్టింది. నొక్కులు నొక్కులుగా, అచ్చు పాతదే. బట్ట నేశారు, ఆమే కాల్చింది, పరీక్ష నెగ్గింది. ఈసారి బిస్కెట్లు తెచ్చినప్పుడు ఆమె గదిలో లేదు. పదకొండో నెలలో బావ తొట్టి పక్కనున్న కుర్చీలోనే ఒరిగిపోయాడు. గుండె అన్నారు. ఆ ఆవిరికి గుండె కూడా లెక్కలోకి వస్తుందని డాక్టరు ఈసారి గోడ వైపు చూడకుండానే చెప్పాడు.

రాకెట్ ఎగిరిన రోజున వర్క్‌షాపులో టీవీ పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క ఫర్నేసు దగ్గరే ఉంది. నేను టీ తీసుకుని అక్కడికి వెళ్ళి పక్కన కూర్చున్నాను. మింగలేక కక్కలేక సంవత్సరం మోసిన సంగతి అప్పుడు చెప్పేద్దామనుకున్నాను. అక్కా, ఆ ఉత్తరం అని మొదలుపెట్టాను.

"నీ చేతిరాత ఇరవై రెండేళ్ళుగా చదువుతున్నా. మిల్లు మేనేజరు ఆ ఉత్తరం చూపించిన రోజే తెలిసింది" అంది.

తిట్టలేదు. తిడితే బాగుండేది. ఎవరూ అడగకూడని ప్రశ్న అడిగాను. ఆ రోజు నా గదిలో ఆ రెండు పోగులూ చించి పారేసి ఉంటే ఇదంతా జరిగేది కాదు కదా అన్నాను. మళ్ళీ అలాంటి రోజు వస్తే చెబుతావా అన్నాను.

ఆమె టీ గ్లాసు కింద పెట్టింది.

"పెద్దసారుకి చెబుతాను. వందసార్లు వచ్చినా వందసార్లూ చెబుతాను. ఇంట్లో మాత్రం, నిలిచింది నీ దారమేనని ఆయనకి చెప్పను."